టెక్ సందేహాలు: అలల వీడియోకి అంత సైజెందుకు?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు: నేవీ డే నాడు ఆర్‌కే బీచ్‌లో ఫోన్‌తో 4కేలో తీసిన 20 నిమిషాల వీడియోని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో 1080పీకి మార్చాను. ఆర్‌ఎఫ్ 22 పెట్టాను. అదే సెట్టింగ్‌తో, అంతే నిడివి ఉన్న బారసాల వీడియో చిన్న ఫైలుగా వచ్చింది. ఇది మాత్రం దానికి మూడింతలైంది. ఎక్కడ తప్పు చేశాను?

మీ సెట్టింగ్ సరిగ్గానే ఉంది. ఆ బరువంతా సముద్రానిది. ఆర్‌ఎఫ్ అనేది సైజు చెప్పే అంకె కాదు, నాణ్యత చెప్పే అంకె. ‘బొమ్మ ఈ మాత్రం బాగుండాలి, అందుకు ఎన్ని బిట్లు పట్టినా సరే’ అని ఎన్‌కోడర్‌కి (వీడియోని కుదించి రాసే భాగానికి) మీరు ఇస్తున్న ఆదేశం అది. ఒక ఫ్రేములో ఉన్నదే తర్వాతి ఫ్రేములోనూ ఉంటే దాన్ని మళ్లీ రాయకుండా వదిలేయడం వల్లే వీడియో చిన్నదవుతుంది. బారసాలలో గోడ, ఊయల, కూర్చున్న పేరంటాళ్లు పెద్దగా కదలరు. అలల నురగ అలా కాదు, ఒక ఫ్రేములో ఉన్నట్టు తర్వాతి ఫ్రేములో ఉండదు. హెలికాప్టర్ కిందికి దిగినప్పుడు లేచే తుంపరైతే ఎన్‌కోడర్‌కి మరీ కష్టం. అన్నీ కొత్తగా రాసుకోవాల్సిందే.

హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఆర్‌ఎఫ్ 6 పెంచితే సైజు దాదాపు సగానికి పడిపోతుంది. 1080పీకి 20 నుంచి 24 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. మీ వీడియోకి 24 పెట్టి చూడండి. నురగలో చిన్నపాటి లోపాలను కన్ను పట్టుకోలేదు, మనుషుల ముఖాల్లో అయితే ఇట్టే పట్టేస్తుంది. హెచ్.265కి మారితే మాత్రం ఈ అంకెలు అలాగే వాడకండి, రెండింటి కొలతలు వేరు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో మార్పిడి ప్రోగ్రామ్‌లో హెచ్.264 ఎన్‌కోడరైన ఎక్స్264కి 23, హెచ్.265 ఎన్‌కోడరైన ఎక్స్265కి 28 డిఫాల్ట్‌గా ఉంటాయి.

ఫైలు కచ్చితంగా 1 జీబీలోపే ఉండాలంటే ఆర్‌ఎఫ్ పనికిరాదు, యావరేజ్ బిట్‌రేట్ (సెకనుకి సగటున ఎన్ని బిట్లు) ఎంచుకోవాలి. లెక్క తేలికే: 1 జీబీ అంటే సుమారు 80 లక్షల కిలోబిట్లు. 20 నిమిషాలంటే 1200 సెకన్లు. భాగిస్తే సెకనుకి 6,666. అందులో ఆడియోకి 160 తీసేసి, కాస్త వెసులుబాటు ఉంచుకుని 6,400 పెట్టండి. మల్టీ పాస్ టిక్ చేయడం మరవద్దు. మొదటి విడతలో వీడియో అంతా చదివి, రెండో విడతలో అలలకి ఎక్కువ, ఇసుకకి తక్కువ బిట్లు పంచుతుంది.

ఎన్‌కోడర్ ఎంత వేగంగా పని చేయాలో చెప్పే ప్రీసెట్‌ని మీడియం లేదా స్లోలో ఉంచండి. ప్లాసిబో దగ్గరికి వెళ్లకండి, గంటలు పోతాయి, కంటికి తేడా కనిపించదు. ఎన్‌వీఈఎన్‌సీ, క్విక్ సింక్ లాంటి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు చకచకా ముగిస్తాయి గానీ, అదే నాణ్యతకి ఫైలు పెద్దదవుతుంది. సైజు తగ్గుతుందని మచ్చల్ని తుడిచే డీనాయిస్ ఫిల్టర్ గట్టిగా పెడితే నురగ కాస్తా సబ్బునీళ్లలా అలుక్కుపోతుంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ పెట్టెలో నెట్‌లో దొరికిన వరసలు అతికించడం కూడా వద్దు. రిఫరెన్స్ ఫ్రేములు (ఎన్‌కోడర్ పోల్చుకోవడానికి దగ్గర ఉంచుకునే ఫ్రేములు) 16 అని రాసి ఉన్న వరస చాలాచోట్ల తిరుగుతోంది. 1080పీలో లెవెల్ 4.1 అనే హద్దు దాటకూడదంటే ఆ ఫ్రేములు 4కి మించకూడదు. మించితే పాత టీవీలు తడబడతాయి.

మొత్తం వీడియో మార్చేముందు రేంజ్ దగ్గర సెకండ్స్ ఎంచుకుని, అలలు ఎక్కువున్న 30 సెకన్ల ముక్కని మార్చి చూసుకోండి.

గాజువాక నుంచి: 2004 నాటి మా పెళ్లి వీహెచ్ఎస్ టేపుని డీవీడీ చేయించాం. దాన్ని ఎంపీ4గా మారిస్తే తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తున్నాయి.

అది ఇంటర్‌లేస్డ్ వీడియో. ఒక్కో ఫ్రేములో సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో 50వ వంతు తర్వాతివి. చెయ్యి కదిలితే రెండూ కలవవు. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర యాడిఫ్ లేదా బీడబ్ల్యూడిఫ్ తీసుకుని, దాని ప్రీసెట్‌ని బాబ్ చేయండి. అప్పుడు సెకనుకి 25కి బదులు 50 ఫ్రేములొస్తాయి, కదలిక టీవీలో చూసినంత సాఫీగా ఉంటుంది. ఫ్రేమ్‌రేట్‌ని 25కి కట్టేస్తే బాబ్ పెట్టిన ఫలితం ఉండదు, ‘సేమ్ యాజ్ సోర్స్’ ఉంచండి.

డీఇంటర్‌లేస్ చేయకుండా సైజు మార్చిన ఫైలు ఇప్పటికే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. గీతలు బొమ్మలో కలిసిపోయి ఉంటాయి, ఏ ఫిల్టరూ వాటిని విడదీయలేదు. డీవీడీలోని వీఓబీ ఫైళ్ల నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. 720×576ని 1080పీకి సాగదీయడం దండగ, లేని వివరాలు రావు. ఆర్‌ఎఫ్ 18 నుంచి 20, బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని కాపాడే అనమార్ఫిక్ ఆటో. దాన్ని ఆఫ్ చేస్తే మనుషుల కొలతలు మారిపోతాయి. అడుగున మెరిసే పది పన్నెండు లైన్ల చెత్త వీహెచ్ఎస్ టేపు సహజగుణం, క్రాప్ చేసేయండి. అసలు టేపు ఇంకా ఉంటే, మన సముద్రపు తేమకి బూజు పట్టిందేమో చూడకుండా వీసీఆర్‌లో పెట్టొద్దు. టేపుతో పాటు హెడ్ కూడా పాడవుతుంది.

మధురవాడ నుంచి: ఫోన్‌లో తీసిన అమ్మాయి కూచిపూడి వీడియో ఎడిటింగ్‌లో వేస్తే మొదట్లో బాగానే ఉండి, పోనుపోను మువ్వల చప్పుడు అడుగుకి అందడం లేదు.

ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేములు తగ్గించి తీస్తాయి. దాన్నే వేరియబుల్ ఫ్రేమ్‌రేట్ అంటారు. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రామ్‌లో దాన్ని తెరిస్తే ఆ మాట కనిపిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అన్ని ఫ్రేములూ సమాన వ్యవధిలో ఉన్నాయనుకుంటే శబ్దం క్రమంగా జారిపోతుంది. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30 ఎంచి, కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ నొక్కి, ఆర్‌ఎఫ్ 16 దగ్గర మార్చి, ఆ ఫైలునే ఎడిట్ చేయండి. ఫైలు పెద్దదే అవుతుంది. ఎడిటింగ్ అయ్యాక దాన్ని తీసేయొచ్చు.

పెందుర్తి నుంచి: పెన్‌డ్రైవ్‌లో ఎంకేవీ సినిమా పెడితే టీవీలో బొమ్మ వస్తోంది, శబ్దం లేదు.

ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది, చాలా టీవీలకి అది తెలియదు. వీడియో జోలికి వెళ్లనక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ వీడియోని ఎలాగూ మళ్లీ ఎన్‌కోడ్ చేసేస్తుంది కాబట్టి దీనికి అవిడెముక్స్ అనే మరో వీడియో ప్రోగ్రామ్ వాడండి. వీడియో అవుట్‌పుట్ కాపీ, ఆడియో అవుట్‌పుట్ ఏఏసీ, ఫిల్టర్స్‌లో స్టీరియో. నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మ నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయొచ్చు గానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవవు. అప్పుడు అవిడెముక్స్‌లోనే ఏ, బీ గుర్తులు పెట్టి ఫైలుని రెండు ముక్కలుగా సేవ్ చేసుకోండి. కోత కీఫ్రేము (వేరే ఫ్రేముల మీద ఆధారపడకుండా పూర్తిగా రాసిన ఫ్రేము) మీదే పడాలి, లేకపోతే రెండో ముక్క మొదట్లో కాసేపు బొమ్మ చెదిరిపోతుంది.