పాత ల్యాప్‌టాప్ అప్పుడే ఇచ్చెయ్యకండి

ప్రశ్న: మా నాన్నగారికి పాల కేంద్రం ఉంది, లెక్కల కోసం రెండేళ్ల కిందట ఫ్లట్టర్‌లో (యాప్‌లు తయారుచేసే టూల్) ఓ చిన్న యాప్ చేశా. ప్లే స్టోర్‌లో పెట్టలేదు, వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపితే ఊళ్లో ముప్పై మంది వేసుకున్నారు, ఎవరి లెక్కలు వాళ్ల ఫోన్లోనే ఉంటాయి. ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొని ప్రాజెక్టు ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నా. బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా మార్చడం) చెయ్యబోతే ముందు ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీ సామగ్రి) దొరకట్లేదంది, ఇప్పుడేమో 'అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65' అంటోంది. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదండీ. అన్నీ అప్‌గ్రేడ్ చేసెయ్ అంటున్నాడు ఫ్రెండ్. పాతది ఫార్మాట్ చేసి మా చిన్నాన్న కొడుక్కి ఇద్దామనుకుంటున్నా.
- ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఫార్మాట్ మాత్రం ఆపండి బాబూ, ఎందుకో చెప్తా, ముందు ఎర్రర్ల సంగతి చూద్దాం.

మొదటిది చాలా చిన్నది. ప్రాజెక్టులో ఆండ్రాయిడ్ ఫోల్డర్ కింద లోకల్ డాట్ ప్రాపర్టీస్ అని ఒక ఫైల్ ఉంటుంది, ఎస్‌డీకే ఎక్కడుందో అందులో రాసుంటుంది, మీరు ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టారు కాబట్టి పాత మెషీన్ దారే వచ్చేసింది. అది డిలీట్ చేస్తే మళ్లీ అదే తయారవుతుంది. గిట్‌లో (కోడ్ మార్పుల్ని భద్రపరిచే టూల్) పెట్టి తెచ్చుకునుంటే ఈ బాధే ఉండేది కాదు, ఆ ఫైల్ అసలు గిట్‌లోకి ఎక్కదు.

ఇక ఆ 65 అంటే జావా 21. కొత్త ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు జావా 21 వస్తోంది, మీ ప్రాజెక్టేమో రెండేళ్ల నాటిది, అందులో బిల్డ్ పని చేసే టూల్ గ్రాడిల్ 7.5 లాంటిదేదో ఉండుంటుంది (గ్రాడిల్ ర్యాపర్ డాట్ ప్రాపర్టీస్ తెరిస్తే తెలుస్తుంది). జావా 21 మీద నడవాలంటే గ్రాడిల్ 8.5 అయినా ఉండాలి. మీ ఫ్రెండ్ మాట విని గ్రాడిల్ పెంచారనుకోండి, ఆండ్రాయిడ్ ప్లగిన్ పెంచమంటుంది, అది పెంచితే కోట్లిన్ అనే భాష, తర్వాత యాప్‌లో వాడుకున్న ప్యాకేజీలు, ఆదివారం మొత్తం అందులోనే పోతుంది. జావా 17 వేరేగా వేసుకుని ఫ్లట్టర్ కాన్ఫిగ్ కమాండ్‌లో జేడీకే డిర్ ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ చూపించండి, తర్వాత ఫ్లట్టర్ క్లీన్ కొట్టి బిల్డ్ చెయ్యండి. ఫ్లట్టర్ కూడా పాత ల్యాప్‌టాప్‌లో ఏ వెర్షన్ ఉందో చూసి అదే వేసుకోండి. అప్‌గ్రేడ్ వద్దని కాదు, బిల్డ్ ఒకసారి సక్సెస్ అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్లట్టర్ ప్రాజెక్టు కొత్తగా మొదలెట్టినప్పుడు, మీరు సొంత కీ (యాప్ మీద డిజిటల్ సంతకం పెట్టడానికి వాడేది) పెట్టకపోతే రిలీజ్ ఏపీకేని కూడా టెస్టింగ్ కోసం ఉండే డీబగ్ కీతోనే సైన్ చేసేస్తుంది. ఆ కీ ప్రాజెక్టులో ఉండదు, మీ యూజర్ ఫోల్డర్‌లో డాట్ ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ ఉంటుందే, అందులో డీబగ్ డాట్ కీస్టోర్ పేరుతో ఉంటుంది, మెషీన్‌కొకటి. కొత్త ల్యాప్‌టాప్ తన కీ తాను పుట్టించుకుంటుంది, ఎర్రర్ లేకుండా బిల్డ్ అవుతుంది, మీరు సంతోషంగా వాట్సాప్‌లో పంపిస్తారు, అక్కడ ముప్పై ఫోన్లలోనూ యాప్ ఇన్‌స్టాల్ కాలేదని వస్తుంది. ఎందుకంటే సంతకం మారితే పాత యాప్ మీద కొత్తది ఎక్కదు. తీసేసి వేసుకోమంటే పాల లెక్కలు మొత్తం తుడిచిపెట్టుకుపోతాయి, ఆ తర్వాత మీ నాన్నగారి ముందుకెళ్లి మీరే చెప్పుకోవాలి.

అందుకని ఇవాళే పాత ల్యాప్‌టాప్ ఆన్ చేసి ఆ ఫైల్ తెచ్చి కొత్తదాంట్లో అదే చోట పెట్టండి, ఇంకో కాపీ బయట దాచండి. సొంత కీ పెట్టుకున్న గుర్తుంటే ఆ కీ ఉన్న జేకేఎస్ ఫైల్, కీ డాట్ ప్రాపర్టీస్, పాస్‌వర్డ్ మూడూ తెచ్చుకోండి. ప్లే స్టోర్ యాప్ అయితే గూగుల్ దగ్గర సైనింగ్ పెట్టుకున్నవాళ్లకి అప్‌లోడ్ కీ పోయినా రీసెట్ అడిగే దారుంది, మీకు ఆ దారి లేదు. నేనూ ఒకసారి హార్డ్‌డిస్క్‌తో పాటు కీ పోగొట్టుకుని ప్యాకేజీ పేరు (ఫోన్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) మార్చి కొత్త యాప్‌గా ఇచ్చుకున్నా, పాతది తీసెయ్యండని అందరికీ ఫోన్లు చేసేసరికి గొంతు పోయింది.

ప్రశ్న: కొత్త కంప్యూటర్లో బిల్డ్ బానే అవుతోంది సార్, గూగుల్ లాగిన్ మాత్రం ఏపీఐ ఎక్సెప్షన్ 10 అంటోంది.
- ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పైనాయన కథేనమ్మా మీదీ. కీ మారింది కాబట్టి దాని వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-1 కూడా మారింది, ఫైర్‌బేస్‌కి (యాప్‌లో లాగిన్ లాంటివి చూసుకునే గూగుల్ సర్వీస్) ఇంకా పాతదే తెలుసు. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లో గ్రాడిల్‌తో సైనింగ్ రిపోర్ట్ రన్ చేస్తే కొత్తది కనపడుతుంది, ఫైర్‌బేస్ కన్సోల్‌లో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో యాడ్ చేసి, గూగుల్ సర్వీసెస్ డాట్ జేసన్ మళ్లీ దించుకోండి. పాతది తీసెయ్యకండి, రెండూ ఉన్నా ఏం కాదు.