పరుగు ప్రశ్నలు: వట్టి కాళ్లతో మారథాన్ సాధన

ప్రశ్న: షూలతో రెండు హాఫ్ మారథాన్‌లు పూర్తి చేశాను. వారానికి 40 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతాను. ఆరు నెలల్లో ఫుల్ మారథాన్ ఉంది. సాధన మొత్తం వట్టి కాళ్లకు మార్చేయవచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: మొత్తం మార్చకండి. అరికాలి చర్మం కొన్ని వారాల్లోనే గట్టిపడుతుంది. మడమ వెనకుండే అకిలిస్ స్నాయువుకు నెలలు పడుతుంది. పాదం ఎముకలకు అంతకంటే ఎక్కువే పట్టవచ్చు. దెబ్బలు తగిలేది ఈ తేడా వల్లే. అరికాలు మండటం మానగానే పాదం సిద్ధమైందనుకుని దూరం పెంచేస్తారు, అప్పటికి లోపల ఏదీ సిద్ధమై ఉండదు. కాబట్టి లాంగ్ రన్‌లు, పోటీ షూలతోనే కానివ్వండి. పరుగు తీరు దిద్దుకోవడానికి మాత్రం వట్టి కాళ్ల సాధనను మించింది లేదు.

మడమ కింద మెత్త ఉన్నప్పుడు కాలు ముందుకు చాచి మడమ మీద దిగినా మనకు తెలియదు. వట్టి కాళ్లతో అలా నాలుగు అడుగులు వేస్తే మడమ ఝల్లుమంటుంది. దాంతో అంగ దానంతటదే చిన్నదవుతుంది. పాదం ఒంటి కిందికి వస్తుంది, ముందు భాగం బయటి అంచు మొదట తాకుతుంది, ఆ వెంటనే మడమ కూడా నేలకు ఆనుతుంది. ఆననివ్వాలి. మడమ గాల్లోనే ఉంచి మునివేళ్ల మీద పరుగెత్తితే పిక్కలు పట్టేస్తాయి. ముందు పాదంతో దిగేవాళ్లలో నేల నుంచి వచ్చే తొలి కుదుపు దాదాపు ఉండదని శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో చూపింది. అలాగని భారం ఎక్కడికీ పోదు. మోకాలి మీద కొంత తగ్గి, పిక్క మీదా అకిలిస్ మీదా పడుతుంది.

మొదటి రెండు వారాలు వట్టి కాళ్లతో నడక మాత్రమే, రోజూ 20–30 నిమిషాలు. దాంతోపాటు మెట్టు అంచున ముందు పాదాలు ఆనించి, రెండు కాళ్లతో పైకి లేచి, ఒక్క కాలితో మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. కాలికి 15 చొప్పున మూడు విడతలు. మూడో వారం నుంచి రోజు విడిచి రోజు 400 మీటర్ల పరుగు. దీన్ని మామూలు పరుగుకు ముందే పెట్టుకోండి, తరువాత షూలు తొడుక్కోండి. చివర్లో చేస్తే అలసిన పిక్క మడమను ఆపలేదు, అది దభీమని పడుతుంది. వారానికి 200 మీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతి నాలుగో వారం సగానికి తగ్గిస్తూ, మూడు నెలలు దాటేసరికి 2 కిలోమీటర్లకు చేరండి. అక్కడ ఆగండి. వారానికి మూడుసార్లు, మొత్తం 6 కిలోమీటర్లు చాలు. ఎంత దూరం వట్టి కాళ్లతో వెళ్లారో అంతా ఆ రోజు షూల పరుగులోంచి తీసేయాలి. పోటీకి ముందు మూడు వారాల్లో వారానికి రెండుసార్లు 400 మీటర్లకు మించవద్దు.

నేల నున్నగా, గట్టిగా ఉండాలి. గడ్డి మెత్తన కదా అని అందులో మొదలుపెడుతుంటారు. గడ్డిలో గాజుముక్క కనబడదు, మడమతో దిగినా నొప్పి తెలియదు. ఇసుకలో మడమ దిగబడి అకిలిస్ సాగుతుంది. ఎండలో తారు మీద పాదం పది సెకన్లు ఆనించి చూడండి, ఆనించలేకపోతే ఆ పూట షూలే.

అడుగుల చప్పుడు వింటూ ఉండండి. టపటపమని వినిపిస్తే కాలు ముందుకు పడుతున్నట్టే. కుడికాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. నిమిషానికి ఎన్ని అడుగులో తెలుస్తుంది. 170–180 మధ్య వస్తే బాగున్నట్టు. నెమ్మది పరుగులో 165 వచ్చినా కంగారుపడకండి.

ప్రశ్న: కిలోమీటరు దాటేసరికి అరికాలి ముందు భాగంలో బొబ్బలు లేస్తున్నాయి. చర్మం గట్టిపడితే తగ్గుతాయా?

జవాబు: చర్మం నేల మీద జారుతోంది, అందుకే బొబ్బ. పరుగు తీరు మారకపోతే గట్టిపడిన చర్మం కిందా లేస్తుంది. ఎక్కడ లేచిందో చూసుకోండి. వేళ్ల మొదళ్ల కింద, మధ్యలో అయితే పాదం ముందుకు పడి బ్రేకు వేస్తోంది. బొటనవేలి కింద అయితే చివర్లో నేలను గట్టిగా తన్నుతున్నారు. ఒక పక్క అంచున అయితే పాదం నేల మీద ఉండగానే మడమ మెలి తిరుగుతోంది. మూడింటికీ దాదాపు ఒకటే మందు: నేలను తన్నకుండా, పాదాన్ని నిటారుగా పైకి ఎత్తడం. తడి నేల మీద చర్మం నాని త్వరగా లేస్తుంది, ఆ రోజు దూరం సగం చేయండి.

చిన్న బొబ్బను కదపకండి. పెద్దదై నొప్పెడుతుంటే సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తీసేయండి. పై చర్మం మాత్రం పీకవద్దు. నొప్పి పోయేదాకా వట్టి కాళ్ల పరుగు ఆపండి.

ప్రశ్న: అడుగున పలుచని అట్ట (సోల్) ఉండే షూలతో నేరుగా 5 కిలోమీటర్లకు వెళ్లాను. మూడు వారాలకు పాదం పైభాగాన, రెండో వేలి వరుసలో నొప్పి మొదలైంది. పరుగు కొనసాగించవచ్చా?

జవాబు: ఈరోజే ఆపండి. వేలి కొనతో ఆ ఎముక వెంట నొక్కుతూ వెళ్లండి. ఒక్కచోటే చురుక్కుమంటే, వాపు కూడా ఉంటే, వేలి వెనక పాదంలో ఉండే మెటాటార్సల్ ఎముకలో సన్నటి చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, అని అనుమానించాలి. ఎముకల డాక్టరుకు చూపించండి. తొలి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎంఆర్ఐలో ముందే కనబడుతుంది. చీలికే అయితే సాధారణంగా 6–8 వారాలు పరుగు ఉండదు.

పలుచని షూలను నడిమెట్టుగా వాడమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. వట్టి కాళ్లయితే ఎముకకు ముప్పు రాకముందే చర్మం మండి మిమ్మల్ని ఆపుతుంది. పలుచని అట్ట ఆ మంటను ఆపుతుందే గానీ ఎముక మీది భారాన్ని ఆపదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పది వారాలపాటు మెల్లగా అలాంటి షూలకు మారినవారిలో సగానికి పైగా మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగినట్టు ఎంఆర్ఐలో తేలింది.

రెండు పిక్కల్లోనూ సమంగా సలుపు వచ్చి రెండు రోజుల్లో పోతే భయం లేదు. పొద్దున మంచం దిగగానే అకిలిస్ బిగుసుకుపోయి, పది నిమిషాలు నడిచినా వదలకపోతే ఆ రోజు వట్టి కాళ్ల సాధన వద్దు.

ప్రశ్న: ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా వట్టి కాళ్లతోనే ఒలింపిక్స్ మారథాన్ గెలిచాడు కదా. షూలు లేకపోతే వేగం పెరుగుతుందా?

జవాబు: 1960లో రోమ్‌లో ఆయన 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో వట్టి కాళ్లతో గెలిచాడు. 1964లో టోక్యోలో షూలతో 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు. రెండూ అప్పటికి ప్రపంచంలో అత్యుత్తమ సమయాలే. ఒక్కో షూకు 100 గ్రాముల బరువు పెరిగితే ఆక్సిజన్ ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుందన్నది నిజమే. అయితే మెత్తని అట్ట లేకపోతే ఆ కుదుపును కండరాలే కాయాలి, దానికీ శక్తి ఖర్చవుతుంది. వేగం కోసమైతే షూలు విడవక్కర్లేదు. వట్టి కాళ్లతో పాల్గొనడానికి ప్రపంచ అథ్లెటిక్స్ నియమాలు మాత్రం ఒప్పుకుంటాయి.

ప్రశ్న: షుగర్ ఉంది. అరికాళ్లలో కొంచెం తిమ్మిరి. వట్టి కాళ్ల పరుగు ప్రయత్నించవచ్చా?

జవాబు: వద్దండి. ఈ సాధనలో మిమ్మల్ని కాపాడేది అరికాలి స్పర్శే. అది మొద్దుబారితే ముల్లు దిగినా, చర్మం కాలినా తెలియదు, ఆ గాయం మానడం కష్టం. కాలికి సరిగ్గా పట్టే షూలతో పరుగెత్తండి, ప్రతి పరుగు తరువాత అరికాళ్లు చూసుకోండి, తిమ్మిరి సంగతి డాక్టరుకు చెప్పండి.