గ్రాఫిక్స్ బాగున్నా కథ ఎందుకు పట్టుకోవడం లేదంటే

నమస్కారమండీ. గ్రహాంతర నౌక దిగే మొదటి దృశ్యానికే మీ లఘుచిత్రం డబ్బులో సింహభాగం ఖర్చుపెట్టినా, చూసినవారు ‘కళ్లకు బాగుంది, మనసుకు ఎక్కలేదు’ అన్నారని, ఇంకా ఖరీదైన గ్రాఫిక్స్ చేయిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదనే నా అభిప్రాయం.

1993 నాటి ‘జురాసిక్ పార్క్’ రెండు గంటలకు పైగా నడిచినా, డైనోసార్లు తెర మీద కనిపించేది సుమారు 15 నిమిషాలే. టి-రెక్స్ అనే భారీ డైనోసార్ రాకముందు కారు డ్యాష్‌బోర్డు మీది గ్లాసులో నీళ్లు వలయాలుగా కదులుతాయి. అది కంప్యూటరు పని కాదు, కింద బిగించిన గిటారు తీగను మీటి రప్పించిన కదలిక. జంతువు కనిపించకముందే మనకు గుండె దడ మొదలవుతుంది, ఎందుకంటే ఆ నీళ్లను గమనించిన పిల్లవాడి గురించి అప్పటికే మనకు పట్టింపు ఏర్పడింది.

దృశ్యమే కథను మోసే సందర్భాలూ లేకపోలేదు. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో గాలిలోకి విసిరిన ఎముక మరుక్షణం అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహంగా మారి, ఒక్క కట్‌లో లక్షల ఏళ్లను దాటిస్తుంది. అయితే ఆ దారి అందరికీ సాధ్యపడేది కాదు.

నౌక దిగేటప్పుడు ఊరంతా కరెంటు పోతుందని మీరే రాశారు కదా, చిత్రాన్ని అక్కడే మొదలుపెట్టండి. మీ కథలో చీకట్లో స్తంభం మీద చిక్కుకుపోయిన లైన్‌మన్‌ను ముందు మాకు పరిచయం చేసి, నౌకను చివరి మూడో వంతుకు జరపండి. చేతిలో ఉన్న ఫుటేజీతోనే ఈ మార్పు చాలావరకు ఎడిటింగ్‌లో సాధ్యమవుతుంది.