అమ్మలూ, చిన్న బండ్లని ముందు పెట్టు

అమ్మలూ,

నవంబరు చివరి ఆదివారం బండ్ల ర్యాలీ పెడుతున్నావని మీ తమ్ముడు చెప్పాడు. రాజమండ్రి నుంచి రావులపాలెం, కొత్తపేట, అమలాపురం మీదుగా అంతర్వేది దాకా, క్యాన్సరు వచ్చిన కుర్రాళ్ళ కోసమట. విన్నప్పటి నుంచీ కనపడ్డ ప్రతివాడికీ మా అమ్మాయే అని చెప్పుకుంటున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, ఆ రోడ్డంతా కళ్ళ ముందు తిరుగుతుంది మరి.

పోలీసు పర్మిషను, ఇన్సూరెన్సు కాగితాలు, మంచినీళ్ళు నీకు చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్టు ఉండాలి, అంతే. నా భయం వేరే. నువ్వు పెట్టిన తేదీకి సార్వా వరి కోతలు జోరు మీద ఉంటాయి. చాలాచోట్ల సగం రోడ్డు మీద ధాన్యమే ఉంటుంది.

చిన్నమావయ్య కుడికాలు ఈడ్చి నడవడం నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. ఎందుకో ఎవరూ చెప్పి ఉండరు. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమని ఊడ్చిపెట్టింది. కొన్నాళ్ళకి మేం బియ్యం, దుప్పట్లు కట్టుకుని బండ్ల మీద బయల్దేరాం. ముందు నడిపినాయనది బుల్లెట్టు. మంచివాడే గానీ వెనక్కి చూసే అలవాటు లేదు. మావయ్యది పాత స్కూటరు, కాళ్ళ దగ్గర బియ్యం మూట, అందరికంటే వెనక. వరసలో పోయేటప్పుడు ఒక చిక్కు ఉంటుందే. ముందువాడు స్పీడ్‌బ్రేకరు దాటి మామూలుగా యాభైలో పోతుంటాడు, చివరివాడు ఇంకా దాని దగ్గరే ఉంటాడు. అందుకోవాలంటే వాడు డెబ్భైలో కొట్టాలి. వరస ఎంత పొడుగైతే చివరివాడికి అంత తొందర.

చీకటి పడింది. కాలవగట్టు మలుపులో ఎవరో రైతు తడిసిన ధాన్యం ఆరబెట్టుకుని, పొద్దుగూకాక రాశి చేసి, నల్ల బరకం కప్పి, గాలికి లేవకుండా చుట్టూ ఇటుకలు పెట్టాడు. కరెంటు స్తంభాలు పడిపోయి ఊళ్ళో దీపం లేదు. స్కూటరు లైటులో ఆ బరకం రోడ్డులో కలిసిపోయింది. ముందు చక్రం ఇటుకని కొట్టింది, వెనక చక్రం గింజల మీద జారింది. మేమేమో అమలాపురం చేరి, టీ గ్లాసులు లెక్కపెడితే ఒకటి మిగిలింది. వెనక్కి పరిగెత్తాం. ధాన్యానికి కాపలా పడుకున్న ఆ రైతే మావయ్యని మంచం మీదకి చేర్చి, నోట్లోంచి, చొక్కాలోంచి గింజలు తీస్తున్నాడు. తుంటి విరిగింది. చెల్లాచెదురైన ధాన్యం మాట ఆ మనిషి ఎత్తనే లేదు. ఊళ్ళోవాళ్ళు దిష్టి అన్నారు. దిష్టీ లేదు దిబ్బా లేదు! ముందువాడు వెనక్కి చూడలేదు, అదీ సంగతి.

కాబట్టి స్కూటీలు, వందసీసీ బండ్లు ముందు పెట్టు. బుల్లెట్ల వాళ్ళకి రోషం వస్తే రానీ. ప్రతివాడూ తన వెనక బండి అద్దంలో కనపడకపోతే మలుపు దగ్గర ఆగాలి. జొన్నాడ వంతెన దాటాక ఒకసారి, అమలాపురంలో ఒకసారి తలలు లెక్కపెట్టు. నువ్వు చివర ఉండు. ముందుండి ఫొటో దిగాలని ఉంటుందిలే, తెలుసు! మలుపుల్లో చేపల లారీల నీళ్ళు కారి తడిగా ఉంటుంది, అక్కడ బ్రేకు గట్టిగా నొక్కకండి. పొద్దుండగానే అంతర్వేది చేరాలి.

ఇక క్యాన్సరుకి మందులు వాడుతున్న నీతో చదివినమ్మాయి తమ్ముణ్ణి స్టేజి ఎక్కిస్తారట. వద్దు తల్లీ. కీమో జరిగేటప్పుడు తెల్లకణాలు పడిపోతాయి, జనంలోకి తెస్తే వాడికి జ్వరం తగులుకోవచ్చు. పైగా పదహారేళ్ళ కుర్రాడు, జుట్టు ఊడి ఉంటాడు. రేపు కాలేజీకి వెళ్ళేది వాడే కదా. ముందు వాణ్ణే అడుగు. చూడాలని ఉందంటే, మేడ మీద నుంచి చూస్తాడు. వాళ్ళ వీధిలో హారన్లు కొట్టనివ్వకు.

డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీలో వైద్యం జరిగినా బస్సు చార్జీలు, అద్దె గది, తండ్రి పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? వాడికొచ్చిన రకం రక్త క్యాన్సరుకి మందులు రెండు మూడేళ్ళు సాగుతాయి. వైజాగు, హైదరాబాదు తిరగలేక మధ్యలో మానేస్తున్నామని ఏడ్చిన తల్లులు నా బస్సులోనే ఎక్కారు. పెద్ద అట్టముక్క చెక్కు పట్టుకుని నవ్వడం మాని, నెలనెలా దారిఖర్చు పంపే ఏర్పాటు చెయ్యి. పేరు రాయించుకునే ప్రతివాడి దగ్గరా బ్లడ్ గ్రూపు, ఫోను నంబరు తీసుకో. ఈ కుర్రాళ్ళకి ఎక్కించే ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిలవ ఉండవు. ఫోను చెయ్యగానే వచ్చే మనిషి కావాలి.

రూటు కాగితం నాకు పంపు. శనివారం నేనూ చిన్నమావయ్యా ఆటోలో వెళ్ళి ఎక్కడెక్కడ ధాన్యం పోశారో చూసి చెబుతాం. రైతులతో గొడవ పెట్టుకోకండి, వాళ్ళకి కళ్ళాలు లేకే కదా రోడ్డెక్కారు. మీ అమ్మకి నేనేం చెప్పలేదు. అది నువ్వే చెప్పుకో, నా మీద పెట్టకు.

మీ పెదనాన్న