వాడని కరెంటుకు బిల్లు, పగలు వెలిగే వీధి దీపాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ప్రభుత్వాసుపత్రికి హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజీ) సర్వీసు ఉంది. పాత ట్యూబులైట్లు, ఫ్యాన్లు మార్చి రెండేళ్లయింది. యూనిట్లు బాగా తగ్గాయి గానీ బిల్లు ఆ మేరకు తగ్గలేదు. బిల్లు మీద సీఎండీ 250, ఆర్ఎండీ 110 అని ఉంటోంది. ఎక్కడ పోతోంది డబ్బు?
– ఆసుపత్రి కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్, ఏలూరు జిల్లా

జవాబు: మీరు రాసిన ఆ రెండు అంకెల మధ్యే పోతోంది. సీఎండీ అంటే డిస్కంతో (విద్యుత్ పంపిణీ సంస్థతో) మీరు ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండు, అంటే ఒకే సమయంలో లాగే కరెంటుకు పరిమితి. ఆర్ఎండీ అంటే ఆ నెలలో మీటరు నిజంగా నమోదు చేసిన గరిష్ఠ డిమాండు. ఆర్ఎండీ, సీఎండీలో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద డిమాండు చార్జీ వేస్తారు. 250లో 80 శాతం 200 కేవీఏ (డిమాండుకు కొలత). మీరు వాడింది 110. అంటే నెలనెలా 90 కేవీఏకు ఊరికే కడుతున్నారు. కేవీఏకు 475 రూపాయలు వేసుకుంటే నెలకు 42,750. భవనం కట్టినప్పుడు ‘రేపు పెరుగుతుందిలే’ అని తీసుకున్న లోడు అది. పెరగలేదు, తగ్గించమని అడిగినవారూ లేరు. బిల్లు బడ్జెట్ పద్దు నుంచి పోతుంది కాబట్టి ఎవరి జేబుకూ అది తగలదు. ఆ డబ్బుతో వార్డుకు కావలసినవి ఎన్ని కొనొచ్చో మీకే బాగా తెలుసు.

ముందు గడిచిన 12 నెలల బిల్లులు వరసగా పెట్టుకుని ఆర్ఎండీ అంకెలు ఒక కాగితం మీద రాయండి. ఏసీల వల్ల ఏప్రిల్, మే, జూన్‌లలో ఎక్కువ వస్తుంది. ఆ నెలల్లో 128 వచ్చిందనుకుందాం. దానికి పదో వంతు కలిపి 140 సీఎండీ సరిపోతుందని తేల్చుకోవచ్చు. అప్పుడు మామూలు నెలల్లో 112కు, వేసవిలో 128కి కడతారు. ఏడాదికి ఆదా నాలుగున్నర లక్షలు దాటుతుంది. సీఎండీ తగ్గించమంటూ సూపరింటెండెంటు సంతకంతో డిస్కంకు దరఖాస్తు ఇవ్వాలి. అంతకుముందు ఒప్పందంలో కనీస గడువు, నోటీసు షరతులు చదవండి. బకాయిలుంటే దరఖాస్తు కదలదు, ముందు అవి తేల్చుకోండి.

మరీ బిగించి తగ్గించకండి. సీఎండీ దాటితే దాటిన కేవీఏకు రెట్టింపు రేటు నుంచి మొదలవుతుంది. మీటరు 15 లేదా 30 నిమిషాల సగటు చూస్తుంది, నెలంతటిలో ఒక్క విడతలో ఎక్కిన అంకే ఆ నెల బిల్లులోకి వస్తుంది. కరోనా తర్వాత చాలా ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్లాంట్లు వచ్చాయి. ప్లాంటు ట్రయల్ రన్ మధ్యాహ్నం ఏసీలన్నీ నడుస్తున్నప్పుడు వేస్తే ఆ ఒక్క పూటతో నెల లెక్క మారిపోతుంది. తెల్లవారుజామున వేయించండి. మీకు ఇలాంటి ప్లాంటుంటే దాని లోడు కలుపుకున్నాకే 140 సరిపోతుందో లేదో తేల్చండి.

రెండోది పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్‌లలో వస్తుంది, అంటే పనికొచ్చిందే కాక లాగిన మొత్తానికీ లెక్క పడుతుంది. లోడు 100 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ 0.80 అయితే డిమాండు 125 కేవీఏ. అదే 0.98కి తెస్తే 102. ఇందుకు పవర్ ఫ్యాక్టర్‌ను పెంచే కెపాసిటర్లు దాదాపు 55 కేవీఏఆర్ (వాటి సామర్థ్యానికి కొలత) ఉంటే చాలు. ప్యానెల్ గదిలో ఏపీఎఫ్‌సీ బోర్డు (లోడును బట్టి కెపాసిటర్లను తానే ఆన్, ఆఫ్ చేసేది) ఉండే ఉంటుంది, కానీ ‘ఉంది’ వేరు, ‘పనిచేస్తోంది’ వేరు. ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరుతో ఒక్కో కెపాసిటర్ మూడు ఫేజుల్లో కరెంటు చూపించమనండి. 440 వోల్టుల 25 కేవీఏఆర్ కెపాసిటర్ ఒక్కో ఫేజులో సుమారు 31 ఆంపియర్లు తీసుకోవాలి. ఒక ఫేజులో సున్నా చూపిస్తే ఫ్యూజు పోయింది, బాగా తక్కువ చూపిస్తే లోపల సెల్ పోయింది. డబ్బా ఉబ్బి ఉంటే మీటరు కూడా అక్కరలేదు. బోర్డు ఆటోలో కాక మాన్యువల్‌లో ఉంటే ఇంకో చిక్కు: రాత్రి లోడు తగ్గినా కెపాసిటర్లన్నీ ఆన్‌లోనే ఉండి పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి (కెపాసిటర్లు అవసరాన్ని మించిన స్థితిలోకి) పోతుంది, దాన్నీ కొన్ని మీటర్లు లెక్కలోకి తీసుకుంటాయి.

ఏసీలు 24 డిగ్రీల దగ్గర పెట్టించండి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం తగ్గుతుంది. ఆపరేషన్ థియేటర్, ల్యాబు జోలికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: మా పంచాయతీలో 200 ఎల్‌ఈడీ వీధి దీపాలు. చాలా స్తంభాల మీద పగలూ వెలుగుతున్నాయి. టైమర్ పెట్టించినా ఆగలేదు. ఏం చేయాలి?
– సర్పంచ్, నల్లగొండ జిల్లా

జవాబు: సర్పంచ్ గారూ, టైమర్ కొనేముందు మూడో వైరు చూడాల్సింది. వీధి దీపాలకు విడిగా లాగిన ఆ వైరు లేని చోట దీపాన్ని నేరుగా ఇళ్ల ఫేజుకు తగిలిస్తారు. దానికి స్విచ్ ఉండదు, ఏ టైమరూ దాన్ని ఆపలేదు. లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని ఒక పగటి పూట ఊరంతా నడిచి వెలుగుతున్న స్తంభాల నంబర్లు రాయండి. అవి ఏయే వీధుల్లో గుంపుగా ఉంటే అక్కడ మూడో వైరు తెగింది లేదా అసలు లేదు.

వైరు సరిగా ఉన్నా వెలుగుతుంటే కాంటాక్టర్ (పెద్ద లోడును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) చూడండి. 20 వాట్లవి 200 దీపాలంటే 4 కిలోవాట్లు, సింగిల్ ఫేజులో దాదాపు 17 ఆంపియర్లు. దీపాలు ఒక్కసారిగా వెలిగే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతాయి. 16 ఆంపియర్ల టైమర్‌కే నేరుగా లోడు కలిపితే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. టైమర్ ‘ఆఫ్’ అని చూపిస్తుంటుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి. టైమర్ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాలి, లోడు కాంటాక్టర్ మీద ఉండాలి, దాని ముందు ఎంసీబీ (లోడు మించితే తానే ఆగిపోయే రక్షణ స్విచ్).

ఆస్ట్రోనామికల్ టైమర్ (సూర్యోదయ, సూర్యాస్తమయాలను బట్టి తానే సమయం మార్చుకునేది) తీసుకోండి. మన ప్రాంతంలో సూర్యాస్తమయం నవంబరులో 5:40కి, జూలైలో 6:55కి. ఒకే సమయానికి బిగించిన మామూలు టైమర్ ఏడాదిలో సగం రోజులు తప్పే చెబుతుంది. ఫోటోసెల్ (వెలుతురును బట్టి దీపాన్ని నడిపేది) చవకే కానీ దుమ్ము పట్టినా, చెట్టు నీడ పడినా పగలే రాత్రనుకుంటుంది.

పగటి 13 గంటలు 200 దీపాలూ వెలిగితే రోజుకు 52 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా నెలకు 10,920. ఇంకొక మాట. మీటరు లేక కనెక్టెడ్ లోడు (రికార్డులో ఉన్న దీపాల మొత్తం వాట్లు) మీద బిల్లు వస్తుంటే, తీసేసిన పాత సోడియం దీపాలు రికార్డులో అలాగే ఉండవచ్చు. డిస్కం ఏఈతో (అసిస్టెంట్ ఇంజినీరుతో) కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేయించి లోడు సవరింపజేయండి. ఈ పని మీ తీర్మానంతోనే మొదలవుతుంది, పైనుంచి ఎవరూ వచ్చి చేయరు.

ప్రశ్న: మా ఆఫీసు ఆవరణలో మూడు పాత జీపులు, గదినిండా కంప్యూటర్లు తుప్పు పడుతున్నాయి. వేలానికి పెట్టాలంటే ఆడిట్ భయం.
– మండల స్థాయి ఉద్యోగి, అనంతపురం జిల్లా

జవాబు: 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయినట్టే. ఉంచుకుంటేనే మీరు జవాబు చెప్పుకోవాలి. స్టాక్ రిజిస్టర్ ఎంట్రీ, ఆర్సీ వెతికి సర్వే రిపోర్టు (వాహనం ఇక పనికిరాదనే నివేదిక) రాసి, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ చేత విలువ కట్టించి కమిటీ ముందు పెట్టండి. ఇక్కడ జరిగే పొరపాటు, కొన్న ధర చూసి కనీస ధర ఎక్కువ పెట్టడం. అప్పుడు ఎవరూ పాడరు, ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. వాహనం రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే వెళ్లాలి. డిపాజిట్ సర్టిఫికెట్ (వాహనం అప్పగించినట్టు ఆ కేంద్రం ఇచ్చే పత్రం) తీసుకున్నాకే రిజిస్టర్‌లో కొట్టేయండి. కంప్యూటర్లు అధీకృత ఈ-వ్యర్థాల రీసైక్లర్‌కే ఇవ్వాలి, హార్డ్ డిస్కులు ముందే విప్పి ధ్వంసం చేయాలి.

ప్రశ్న: ఉద్యోగిని కాను. ఒక ఆఫీసు బిల్లులు చూడటం నాకు సాధ్యమా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: సమాచార హక్కు చట్టం కింద సాధ్యమే. రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. ‘దుబారా ఎంత’ అని అడిగితే ఏమీ రాదు. ‘ఫలానా సర్వీసు నంబరుకు గత 12 నెలల విద్యుత్ బిల్లుల నకళ్లు’ అని అడగండి. నకళ్లు ఎక్కువైతే రికార్డులు చూసేందుకు అనుమతి అడగండి. మొదటి గంటకు రుసుము లేదు. సీఎండీ, ఆర్ఎండీ రెండు వరసలుగా రాసుకోవడానికి ఆ గంట సరిపోతుంది.