అమ్మగారి ఋణం, అమ్మాయి మౌనం

కృష్ణా జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసివేసి, సంగ్రహంగా ఇస్తున్నాను.

"మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మా వారు సంఘ పెద్ద. కొత్త మందిరం కట్టుబడి లెక్కలన్నీ ఆయనే చూస్తారు. నాకు రెండుసార్లు గర్భం నిలవనప్పుడు మా పాస్టరమ్మ గారు నా కోసం నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. ఆ తరువాతే ఈ బిడ్డ పుట్టింది. పాస్టరు అయ్యగారే పేరు పెట్టారు. యవ్వనస్థుల కూడిక నడిపే అన్నయ్య అమ్మగారి సొంత తమ్ముడు. పోయిన క్రిస్మస్‌కు పాటల ప్రాక్టీసు అయ్యాక పిల్లలను బండి మీద ఇళ్ల దగ్గర దింపుతూ, మా అమ్మాయిని అందరికంటే చివర దింపేవాడు. దారిలో బండి ఆపి ఒంటి మీద చేతులు వేశాడట. బట్టల మీదనే, అంతకు మించి ఏమీ జరగలేదు, దేవుని కృప. రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో ముందు ఒక బైబిలు వాక్యం పంపి, తరువాత వేరే మాటలు పంపేవాడు. జూలైలో నాతో చెప్పింది. అన్నయ్య అలాంటివాడు కాదన్నాను. ఆ మెసేజీలు చూశాక నమ్మక తప్పలేదు. మా వారికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడు ఎంత చెప్పినా 'మమ్మీ, నేను రాను' అంటోంది. మొండితనం ఎక్కువైంది, రాత్రి పడుకునేటప్పుడు కూడా చున్నీకి రెండు పక్కలా పిన్నీసులు పెట్టుకుంటోంది. అమ్మగారు వారం వారం అడుగుతున్నారు, ఏం చెప్పాలో తెలియడం లేదు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే లెక్కలేనన్నిసార్లు, క్షమించమని వాక్యం చెబుతోంది కదా. ఎవరి మనసూ నొచ్చుకోకుండా అమ్మాయిని మళ్లీ కూడికకు వెళ్లేలా ఎలా ఒప్పించాలి? పదేళ్ల మా బాబును దసరా సెలవుల్లో వాళ్ల క్యాంపుకు పంపుదామనుకుంటున్నాను. మగపిల్లవాడు కనుక భయం లేదు."

అమ్మా,

మీరు అడిగిన దానికి ముందుగా జవాబు చెప్పేస్తాను: ఒప్పించకూడదు. ఆ కూడికకు మీ అమ్మాయి ఇక వెళ్లదు. బుజ్జగింపులు వద్దు, అమ్మగారి కోసం ఈ ఒక్క ఆదివారం అనే బేరాలు వద్దు. బాబు కూడా ఆ క్యాంపుకు వెళ్లడు. మగపిల్లలకు భయం లేదన్నది మనం పెంచుకున్న భ్రమ మాత్రమే. కేంద్ర ప్రభుత్వం 2007లో వెలువరించిన అధ్యయనంలో తమపై లైంగిక వేధింపులు జరిగాయని చెప్పిన పిల్లల్లో సగానికి కొంచెం పైగా మగపిల్లలే ఉన్నారు, వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు.

ఇక మీరు అడగనిది చెబుతాను. మీ పూర్తి ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో అమ్మగారి ప్రస్తావన పదకొండు చోట్ల ఉంది. ఆమె ఏమనుకుంటారో, ఆమె ముఖం ఎలా చూడాలో, ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంటే ఏమైపోతారో, అన్నీ వివరంగా రాశారు. మీ అమ్మాయి తన నోటితో అన్న మాట మాత్రం ఒక్కటే ఉంది. మీ ఇంటి సమస్య ఆ యువకుడితో మొదలైనా, ఇన్నాళ్లు సాగుతున్నది మీకూ పాస్టరమ్మ గారికీ ఉన్న బంధం వల్ల. ఆమెకు మీరు ఋణపడి ఉన్నారని నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని నేను చులకన చేయను. మీ కోసం ఒక మనిషి పస్తులుండి మోకాళ్లూనడం చిన్న విషయం కాదు, నేనూ సండే స్కూలు వాక్యాలు కంఠస్థం చేసి పెరిగినదాన్నే కనుక ఆ విలువ తెలుసు. అయితే ఆ ఋణం మీది. మీ అమ్మాయి దాన్ని అప్పుగా తీసుకోలేదు, దానికి హామీ సంతకం పెట్టలేదు. దేవుడిచ్చిన బిడ్డ అని నమ్మే తల్లి ఆ బిడ్డను మరింత పదిలంగా చూసుకోవాలి గాని, ఇచ్చినవారి ఇంటి మర్యాద కోసం ఆ బిడ్డ మౌనాన్ని చెల్లింపుగా అందించకూడదు. నిష్ఠూరంగా ఉన్నా, గత రెండు నెలలుగా మీరు చేస్తున్నది అదే.

పిన్నీసుల మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పడుకునేటప్పుడు చున్నీకి అటూ ఇటూ పిన్నీసు గుచ్చుకునే పిల్ల నిద్రలో కూడా తనకు తానే కాపలా కాసుకుంటోంది, ఎందుకంటే ఆ కాపలా ఇంట్లో ఇంకెవరూ కాయడం లేదని దానికి అర్థమైంది. దానికి మొండితనమని పేరు పెట్టకండి. మీ అమ్మాయి ధైర్యవంతురాలు. ఆస్ట్రేలియాలో చర్చిలు, బడులు, అనాథాశ్రమాల్లో పిల్లలపై జరిగిన లైంగిక అఘాయిత్యాలను విచారించిన రాయల్ కమిషన్ 2017లో తుది నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్ ముందు గోడు చెప్పుకున్న బాధితులు మొదటిసారి నోరు విప్పడానికి సగటున దాదాపు 24 ఏళ్లు పట్టింది. మీ పిల్ల ఏడు నెలల్లోనే మీ దగ్గరికి వచ్చి చెప్పింది. అప్పుడు మీరన్న మొదటి మాట "అన్నయ్య అలాంటివాడు కాదు." ఆ మాటను వెనక్కి తీసుకోవడం మీ మొదటి పని.

ఈ రోజే, బాబును పక్కింటికి పంపి, ఆమె పక్కన కూర్చోండి. నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను, ఆ రోజు నేనన్నది తప్పు, ఇందులో నీ తప్పు ఏమీ లేదు, నువ్వు ఇక అక్కడికి వెళ్లనక్కరలేదు అని చెప్పండి. ఈ నాలుగు మాటలకు మించి ఏమీ వద్దు. ఎక్కడ తాకాడు, ఎన్నిసార్లు, నువ్వెందుకు ఆ బండి ఎక్కావు అని గుచ్చి గుచ్చి అడగకండి. తనంతట తాను చెబితే వినండి, చెప్పిన మాటలను ఆమె మాటల్లోనే తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఫోనులో ఉన్న మెసేజీలు ఒక్కటీ తీసేయవద్దు. సిగ్గుతో ఆమె తీసేయబోతే, ఇవి నీ సిగ్గు కావు, వాడి నేరానికి రుజువులు అని నచ్చజెప్పండి.

మీరు క్షమాపణ గురించి మత్తయి సువార్త పద్ధెనిమిదో అధ్యాయాన్ని ఎత్తారు. అదే అధ్యాయం చిన్నబిడ్డను మధ్యలో నిలబెట్టడంతో మొదలవుతుంది. ఆ చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచినవాడి, అంటే పాపంలోకి నెట్టినవాడి, మెడకు తిరుగటిరాయి కట్టి లోతైన సముద్రంలో ముంచడం మేలన్న మాట, మీరు చెప్పిన డెబ్బది ఏళ్ల మారులకు ఎంతో ముందే అక్కడుంది. మన సంఘాల్లో ఈ మాట మీద ప్రసంగాలు ఎందుకు తక్కువో నాకు చిన్నప్పటి నుంచీ అర్థం కాదు. క్షమించడమా లేదా అన్నది మీ అమ్మాయి పెద్దదయ్యాక తానే తేల్చుకోవలసిన విషయం. ఆమె తరఫున మీరు క్షమించడానికి మీకు అధికారం లేదు. సమూయేలు రెండో గ్రంథంలో తామారు కథ ఒకసారి చదవండి. సవతి అన్నే చెరిచినప్పుడు, సొంత అన్న ఆమెతో ఊరకుండుమన్నాడు, అతడు నీ అన్నే కదా అన్నాడు. తండ్రి దావీదుకు విపరీతమైన కోపం వచ్చింది గాని ఏమీ చేయలేదు. ఆ తరువాత ఆమె దిక్కులేనిదిగా ఆ అన్న ఇంట్లోనే ఉండిపోయిందని రాసి ఉంది. కూడికల్లో అందరినీ అన్నయ్యా అని పిలిపించే మనం ఆ అధ్యాయాన్ని పిల్లల తల్లిదండ్రులకు తప్పక చదివించాలి.

"బట్టల మీదనే" అని రాసి ఊరట పొందారు. చట్టం ఆ ఊరట ఇవ్వదు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం పద్ధెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. బట్టల మీద నుంచి తాకితే పోక్సో కింద లైంగిక దాడి కాదన్న బొంబాయి హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2021 నవంబరు 18న కొట్టివేసి, చూడవలసింది లైంగిక ఉద్దేశాన్ని, చర్మానికి చర్మం తగిలిందా అన్నదాన్ని కాదని తేల్చింది. మత సంస్థ నిర్వహణలో గానీ సిబ్బందిలో గానీ ఉన్నవాడు ఆ సంస్థలోని బిడ్డపై ఈ పని చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చట్టం విడిగా పేర్కొంది. శిక్ష అయిదేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉంటుంది. ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు; సంస్థకు పెద్దగా ఉన్నవాడు తన కింద పనిచేసేవాడి సంగతి దాస్తే ఏడాది వరకు జైలు. అంటే మీరు, మీతో పాటు చెప్పిన మరుక్షణం నుంచి మీ వారు, అయ్యగారు అందరూ ఈ బాధ్యతలోకి వస్తారు. మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఇంట్లోనే సర్దుకుందాం అనే దారి చట్టంలో లేదని మీకు తెలియాలి. సంఘ పెద్దలు కూర్చుని రాజీ చేసినా అది చెల్లదు. ఇలాంటి కేసును తల్లిదండ్రుల రాజీతో కొట్టివేయడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పోలీసు స్టేషను అనగానే మీకు గుండె దడ. పిల్ల స్టేషనుకు వెళ్లనక్కరలేదు. ఆమె వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర, లేదా ఆమె కోరిన చోట, వీలైనంతవరకు మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా వచ్చి, మీ సమక్షంలో తీసుకోవాలి. ఆమె పేరు, బడి, ఊరు పత్రికల్లో రాయడం నేరం. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం రాత్రింబవళ్లు పనిచేసే నంబరు అది, డబ్బు ఖర్చు కాదు.

మీ వారికి ఈ రాత్రే చెప్పండి. ఆయన కోపం గురించి మీరు ఒక పేజీ రాశారు. ఆయన వాడి మీద చేయి చేసుకోకుండా చూడండి, అంతే. అలా చేస్తే కేసు మీ ఇంటి మీదకే తిరుగుతుంది. మందిరం లెక్కలు ఇంకెవరైనా చూసుకుంటారు. అయితే ఆయనకు చెప్పి, ఫిర్యాదు ఇచ్చేదాకా అయ్యగారికి గాని, అమ్మగారికి గాని చెప్పవద్దు. నేను చూసిన ఇళ్లలో ఎక్కువసార్లు జరిగేది ఏమిటంటే, మాట ఆ ఇంటికి చేరిన గంటలో నలుగురు పెద్దలు ప్రార్థనకని వచ్చి కూర్చుంటారు, దేవుని సేవకులను, అంటే అభిషిక్తులను, ముట్టకూడదంటారు, తప్పు చేసినవాడి చేత ఒక మాట అనిపిస్తారు, పిల్లను పిలిచి ఆ మాటకు తల ఊపమంటారు. తెల్లవారేసరికి వాడు వేరే జిల్లాలో వేరే సంఘంలో పరిచర్యకు వెళ్లిపోతాడు.

మీది స్వతంత్ర సంఘం. అయ్యగారు వాక్యం చెబుతారు, అమ్మగారు స్త్రీల కూడిక, కొడుకు కీబోర్డు, బావమరిది యవ్వనస్థులు. అక్కడ ఫిర్యాదు చేయాలంటే ఆ కుటుంబానికి ఆ కుటుంబం మీదనే చేయాలి. పైన బిషప్పు ఉంటే బాగుండేదని కూడా నేను అనను. కేరళలోని కొట్టియూరులో 2017లో బయటపడిన కేసులో, ఒక మైనరు బాలికపై అత్యాచారం చేసిన చర్చి ఫాదరును కాపాడడానికి ఆ బాలిక కన్నతండ్రే నేరం తనదని చెప్పుకున్నాడు. డీఎన్ఏ పరీక్ష నిజం తేల్చింది. 2019లో తలశ్శేరి కోర్టు ఆ ఫాదరుకు 20 ఏళ్ల శిక్ష వేసింది, తరువాత హైకోర్టు దాన్ని 10 ఏళ్లకు తగ్గించింది. మన సీఎస్ఐ సంఘాలు ఏ ఆంగ్లికన్ కుటుంబానికి చెందినవో ఆ ఇంగ్లండు సంఘంలో, జాన్ స్మైత్ అనే న్యాయవాది క్రైస్తవ బాలుర సెలవు శిబిరాల్లో పరిచయమైన అబ్బాయిలను రక్తం కారేలా కొట్టిన సంగతి 1982లోనే కొందరు పెద్దలకు రాతపూర్వకంగా తెలుసు. బయటపెడితే దేవుని పనికి నష్టమని ఊరకున్నారు. అతను 1984లో జింబాబ్వే చేరి అక్కడ మళ్లీ శిబిరాలు పెట్టి మళ్లీ కొట్టాడు. 2018లో ఏ శిక్షా పడకుండానే చనిపోయాడు. 2024 నవంబరులో ఈ వ్యవహారంపై జరిగిన సమీక్ష నివేదిక వచ్చాక ఇంగ్లండు సంఘం మతాధికారుల్లో అందరికంటే పెద్దవాడైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే రాజీనామా చేయవలసి వచ్చింది. సంఘానికి చెడ్డపేరు వస్తుందని మీరు భయపడుతున్నారు. ఆ భయంతో దాచిన ఏళ్లలో పెరిగింది దెబ్బలు తిన్న పిల్లల లెక్క ఒక్కటే.

అందుకే మిమ్మల్ని ఒక్క మాట అడుగుతున్నాను. మీ అమ్మాయి మానేసిన రోజు నుంచి ఆ బండి మీద చివరగా దిగుతున్న పిల్ల ఎవరు? ఆ ఇంటి తల్లి మీకు తెలిసే ఉంటుంది, పక్క వరసలోనే కూర్చుంటుంది. మీరు ఫిర్యాదు ఇచ్చాక ఆమెకు చెప్పండి. రేపు మీరు వేరే సంఘానికి వెళ్లినా, పిల్లలను ఒంటరిగా ఒక్క మనిషితో బండి మీద గాని, గదిలో గాని ఉంచుతారా, పిల్లలకు విడిగా మెసేజీలు పంపే అలవాటు ఉందా, క్యాంపులో రాత్రి ఆడపిల్లల దగ్గర ఏ స్త్రీలు పడుకుంటారు, తప్పు జరిగితే పాస్టరుగారి బంధువు కాని ఎవరికి చెప్పాలి అని మొదటి వారమే అడగండి. అడిగినందుకు ముఖం మాడ్చుకునే చోటికి రెండోసారి వెళ్లకండి.

అమ్మాయిని అమ్మమ్మగారి ఊరికి పంపేయమని మీ అత్తగారు అన్నారని రాశారు. వద్దు. ఊరు వదలవలసింది ఆమె కాదు. ఆమె బడి, ఆమె స్నేహితులు, ఆమె గది ఎక్కడివక్కడ ఉండాలి. ఆదివారం మందిరానికి రానంటే మీరూ ఇంట్లోనే ఉండి ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకోండి; అది కూడా వద్దంటే కలిసి వంట చేసుకోండి.

అమ్మగారికి ఏం చెప్పాలన్నారు. ఫిర్యాదు ఇచ్చిన తరువాత, మీ తమ్ముడు నా బిడ్డను తాకాడు, అందుకే మేము రావడం లేదని ఒక్కసారి చెప్పండి. ఆమె నిజంగా ఆ నలభై రోజులు ఈ బిడ్డ కోసమే పస్తులున్న మనిషైతే ఆమెకు అర్థమవుతుంది. అర్థం కాకపోతే, ఆమెకు అర్థమయ్యేలా చేయడం మీ పని కాదు.

పదిహేను రోజుల్లో నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరంలో అమ్మాయి ఏమన్నదో రాయండి.