ఉద్యోగం చేస్తూ ఇంట్లో హాబీకి టైమ్ ఎలా? ముందు ఆఫీసులో చెప్పండి

పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే ఇల్లు చేరతాను, నాకంటూ ఇంట్లో ఒక ఇష్టమైన పని పెట్టుకోవాలని ఉంది, ఉద్యోగం చేసేవాళ్ళు టైమ్ ఎలా సర్దుకుంటున్నారు అని అడిగారు. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, ఫోన్ పక్కన పడేయండి, డైరీ రాసుకోండి లాంటి సలహాలు మీరు ఈపాటికి చాలా వినే ఉంటారు. నేను మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. మీకు ఏది ఇష్టమో మీ ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి తెలుసా? తెలియకపోతే మీరు నాలుగింటికి లేచినా మూడింటికి లేచినా ఆ హాబీ రెండు నెలలు దాటి నిలవదు. ఎందుకంటే ఉద్యోగస్తులకి ఇంట్లో మిగిలే టైమ్ ఎంత అనేది ఆఫీసులోనే తేలిపోతుంది, అక్కడ ఎవరో ఒకరు ఓ పావుగంట, అరగంట మన కోసం వదిలిపెట్టాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

నాది బ్యాంకు ఉద్యోగం. రావులపాలెంలో బ్రాంచి, రాజమండ్రిలో ఇల్లు, రోజూ బస్సు ప్రయాణం. క్యాష్ కౌంటర్‌లో కూర్చుంటాను. రావులపాలెం అంటే అరటి మార్కెట్ అని మా వైపు అందరికీ తెలిసిందే. గెలలు అమ్మిన డబ్బు మధ్యాహ్నం దాటాక కౌంటర్‌కి వస్తుంది. ఆ నోట్లు చూడాలి మీరు! అరటి జిగురు అంటి గోధుమ రంగు మరకలు పడి, రెండేసి మూడేసి కలిసి అతుక్కుపోయి ఉంటాయి. మెషిన్‌లో పెడితే ఆగిపోతుంది. తడి స్పాంజి పక్కన పెట్టుకుని వేలితో ఒక్కొక్కటీ విడదీయాల్సిందే. కస్టమర్లకి నాలుగింటికి కౌంటర్ మూసేసినా మాకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. వందేసి నోట్లకి పేపర్ బ్యాండ్ వేసి, నలిగినవీ చిరిగినవీ వేరు చేసి, సిస్టమ్‌లో ఉన్న అంకెతో టాలీ చూసుకుని, హెడ్ క్యాషియర్ గారికి అప్పజెప్పాలి. ఆయన లెక్క చూసుకుని తీసుకున్నాక గానీ నేను సీట్లోంచి లేవడానికి లేదు. ఒక్క పది రూపాయలు తేడా వచ్చినా ఆ సాయంత్రం ఇక అంతే.

ఇంటి దగ్గరేమో మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఒక మూల నా మిద్దెతోట. గ్రో బ్యాగులూ, పాత పెయింట్ డబ్బాలూ, పిల్లలు స్నానం చేసిన టబ్బు కూడా ఉంది అందులో. వంగ, బెండ, గోంగూర ఎవరైనా పెంచుతారు, నాకు మాత్రం పాదులంటే ప్రాణం. అందులోనూ సొరపాదు. రోజూ బస్సు కడియపులంక మీదుగా వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా నర్సరీలు బారులు తీరి కనిపిస్తాయి, అక్కడే దిగిపోదామా అనిపిస్తుంది ఒక్కోసారి.

సొరపాదు పెంచినవాళ్ళకి తెలుస్తుంది, గుమ్మడి పువ్వులాగా దాని పువ్వు పొద్దున్న విచ్చుకోదు. సాయంత్రం పొద్దువాలే వేళకి తెల్లగా విచ్చుకుని, మర్నాడు ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. పొలాల్లో అయితే రాత్రిపూట తిరిగే చిమ్మటలు పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేరవేస్తాయి. ఊరి మధ్యలో నాలుగంతస్తుల మేడ మీదకి అవి ఏం వస్తాయి? మనమే చేత్తో చేయాలి. మగపువ్వుది సన్నటి కాడ. ఆడపువ్వుకైతే కిందే చిటికెన వేలంత పిందె ఉంటుంది, దాని నిండా మెత్తటి నూగు. మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి వలిచి, లోపల ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడిమధ్యన మూడు పాయలుగా ఉన్న చోట మెల్లగా రాయాలి. అంటుకుంటే మూడు నాలుగు రోజుల్లో పిందె కిందకి వాలి లావెక్కడం మొదలవుతుంది. అంటకపోతే మూతి దగ్గర పసుపు తిరిగి, కుళ్ళి, రాలిపోతుంది. యూట్యూబ్‌లో త్రీజీ కటింగ్, అంటే తీగ చివర్లు తుంచడం, చేస్తే ఒక్క పాదుకి వంద కాయలు అని చెప్తుంటారు. చివర్లు తుంచితే పక్క కొమ్మలు వచ్చి ఆడపువ్వులు ఎక్కువ పడే మాట నిజమే, కానీ ఆ పువ్వుల దగ్గర సాయంత్రం మనిషి లేకపోతే వచ్చినవన్నీ రాలిపోవడమే. ఆ మాట ఏ వీడియోలోనూ గట్టిగా చెప్పరు.

అదీగాక మా అపార్ట్‌మెంట్‌లో ఏడింటికి మేడకి తాళం వేసేస్తారు. పిల్లలు ఎక్కుతున్నారని ఒకరు, నీళ్ళు కారుతున్నాయని ఒకరు, మీటింగ్‌లో కూర్చుని పెట్టిన రూలు. నీళ్ళు కారేది వాటర్ ట్యాంకు దగ్గర పైపు నుంచి అని నేను ఎన్నిసార్లు చూపించానో! తోట పెట్టుకున్నవాళ్ళకి ఒక తాళంచెవి ఇస్తే వచ్చే నష్టం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, ఆ సంగతి వదిలేద్దాం. లెక్క ఏమిటంటే, నాలుగున్నర ప్రాంతంలో బ్రాంచి నుంచి బయటపడితే ఆరింటికి మేడ మీద ఉంటాను. ఐదున్నర అయిందంటే జొన్నాడ వంతెన దాటి, వేమగిరి దగ్గర ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి పైన తాళం పడిపోతుంది.

ఒక వేసవిలో వరసగా పిందెలన్నీ రాలిపోతున్నాయి. ఒక రోజు పొద్దున్న నీళ్ళు పోస్తూ చూస్తే మూడు ఆడమొగ్గలు సాయంత్రానికి విచ్చుకునేలా ఉన్నాయి. కౌంటర్ మూశాక నేను గడియారం వైపు చూడడం మా హెడ్ క్యాషియర్ గారు గమనించారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, మితభాషి.

"ఏంటమ్మా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అన్నారు.

"అదేం లేదు సార్. సొరపాదుకి ఇవాళ మూడు ఆడపువ్వులు విచ్చుకుంటాయి. ఏడు దాటితే మేడ తాళం వేసేస్తారు" అన్నాను.

ఆయన నవ్వలేదు. పువ్వేంటి, తాళమేంటి అని అడగలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని, "ముందు మీ ట్రే ఇటివ్వండి" అన్నారు. మామూలుగా ఆయన పక్కన ఉండే రెండో కౌంటర్ క్యాష్ మొదట తీసుకుంటారు, ఆ తర్వాత నాది. అది రూలేం కాదు, ఆ కౌంటర్ దగ్గర కాబట్టి అలా అలవాటైపోయింది. ఆ రోజు నాది తీసుకున్నారు. ఇంకా విడదీయని జిగురు నోట్లు ఉంటే స్పాంజి తన వైపు లాక్కుని, "ఇవి నేను చూస్తాను, మీరు చిల్లర లెక్క రాసేయండి" అని చకచకా విడదీస్తూ కూర్చున్నారు. ఈలోగా మా సబ్‌స్టాఫ్ పెద్దాయన, మేమందరం బాబాయ్ అంటాం, ఎప్పుడు విన్నాడో ఏమో, రోడ్డు మీదకి వెళ్ళి రాజమండ్రి బస్సు చెయ్యెత్తి ఆపి నిలబడ్డాడు. "రండమ్మా రండి, ఆపేనండి ఆయ్" అని గుమ్మంలోకి వినపడేలా ఒక్క కేక. బస్సులో అందరూ నా వైపే చూశారు గానీ నాకేమీ పట్టలేదు.

వెళ్ళేసరికి మేడ మీద ఇంకా వెలుతురు ఉంది. మూడు పువ్వులూ అప్పుడే విచ్చుకున్నాయి, రేకుల మీద ముడతలు కూడా పూర్తిగా పోలేదు. మూడింటికీ అంటించాను. రెండు నిలిచాయి.

మర్నాడు నేను సీట్లో బ్యాగు పెట్టగానే హెడ్ క్యాషియర్ గారు అడిగిన మొదటి మాట, "అంటుకున్నాయా అమ్మా?" అని. నాలుగు రోజులు పోతే గానీ తెలియదు సార్ అంటే తల ఊపి, సరిగ్గా నాలుగో రోజున మళ్ళీ అడిగారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ప్రశంసాపత్రాలు ఒకటి రెండు వచ్చాయి, వాటి కాగితాలు ఎక్కడున్నాయో కూడా గుర్తులేదు, ఈ ప్రశ్న మాత్రం గుర్తుంది. ఆ రోజు నుంచి ఆయన రిటైర్ అయ్యేదాకా సాయంత్రం మొదటి ట్రే నాదే. ఇలా చేస్తున్నాను అని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు, నేనూ పెద్దగా థ్యాంక్స్ చెప్పి ఇబ్బంది పెట్టలేదు. ఆయనకి దీనివల్ల ఒక్క నిమిషం ఎక్కువ పట్టలేదు, అదే పని ముందూ వెనకా చేశారంతే. నాకు మాత్రం రోజుకి అరగంట పైగా కలిసొచ్చింది.

మరి రెండో కౌంటర్ ఆయన సంగతి ఏమిటంటారేమో. ఆయన ఇల్లు బ్రాంచి వెనక వీధిలోనే, నడిచి వెళ్ళిపోతారు. ఆయనకి ఇబ్బంది పొద్దున్న పూట, పాపని స్కూల్లో దింపి రావాలి. ఆ టైములో ఆయన కౌంటర్ ముందు నిలబడ్డ పెన్షనర్లని నేను చూసుకుంటాను. ఇవన్నీ ఎవరూ కూర్చుని మాట్లాడుకున్నవి కావు, ఒకరి అవసరం ఇంకొకరికి తెలిసింది కాబట్టి అలా సర్దుకున్నాయి.

ఆ రెండు కాయల్లో ఒకటి హెడ్ క్యాషియర్ గారికి, ఒకటి బాబాయ్‌కి ఇచ్చాను. అక్కడి నుంచి నా సొరపాదు సంగతి బ్రాంచి అంతా పాకింది. ఆ ఏడు శ్రావణంలో పెట్టిన పాదు కార్తీకానికి బాగా కాపుకొచ్చింది. అప్పుడు మా బ్రాంచిలో బీహార్ నుంచి వచ్చిన కుర్ర ఆఫీసర్ ఉండేవాడు. తెలుగు రాదు, భోజనం సరిపడదు, దీపావళి అయ్యాక వాళ్ళకి వచ్చే ఛఠ్ పండక్కి సెలవు దొరకలేదని దిగులుగా ఉన్నాడు. ఆ పండగ మొదటి రోజుని నహాయ్ ఖాయ్ అంటారట. నదిలో స్నానం చేసి సొరకాయ, శనగపప్పు కలిపి వండుకుని అన్నంతో తింటారని, సొరకాయ లేకుండా వాళ్ళకి ఆ రోజు లేదని చెప్పాడు. తేదీ చూస్తే సరిగ్గా మన నాగులచవితి! ఇక్కడ మనం పుట్టలో పాలు పోసే రోజున అక్కడ వాళ్ళు సొరకాయ వండుకుంటారన్నమాట. ముందు రోజు సాయంత్రమే లేత కాయ ఒకటి తెచ్చి అతని టేబుల్ మీద పెట్టాను. ఆ కుర్రాడు గోదావరిలో స్నానం చేసి, గదిలో వండుకుని, మర్నాడు డబ్బాలో మా అందరికీ తెచ్చాడు. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా, నేతితో పోపు వేసి, ఎంత కమ్మగా ఉందో. సొరకాయ అంటే ముఖం తిప్పుకునే మా వాళ్ళు కూడా మళ్ళీ వడ్డించుకున్నారు.

ఇది విన్నాక కూడా కొంతమంది అడుగుతారు, రైతుబజార్లో చవగ్గా దొరికే కాయకి ఇంత అవస్థ ఎందుకు అని. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి, నారు పెంచి అమ్మొచ్చుగా, ఛానెల్ పెట్టొచ్చుగా అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పొద్దస్తమానం డబ్బు లెక్కపెట్టే పనిలో ఉన్నదాన్ని, ఇంటికొచ్చి సొరపువ్వు దగ్గర కూడా డబ్బు లెక్కే పెట్టుకోమంటారా? అల్లికలు చేసేవాళ్ళనీ, ముగ్గులు వేసేవాళ్ళనీ, పాత రేడియోలు బాగుచేసుకునేవాళ్ళనీ ఇలాగే పీడిస్తారు జనం. ఇష్టంతో చేసే పనిని ఇష్టంతోనే చేసుకోనివ్వాలి.

అలాగే ఆఫీసుల్లో స్నేహాలు పెంచడానికి ఏటా హోటల్లో పెట్టే కార్యక్రమాలు. బెలూన్లు ఊదించి, కుర్చీల ఆట ఆడించి, ఫోటోలు తీసి పంపిస్తారు. ఆ ఖర్చుతో పని లేదు, పక్కమనిషి ఇంటికెళ్ళి ఏం చేస్తాడో కనుక్కుని, వారంలో ఒక్కరోజు వాళ్ళని అరగంట ముందు వదిలితే చాలు, స్నేహం దానంతటదే పెరుగుతుంది.

ఇప్పుడు మా దగ్గర హెడ్ క్యాషియర్ మేడమ్ గారు. ఆవిడ వచ్చిన మొదటి వారంలోనే నా సొరపాదు సంగతీ, మేడ తాళం సంగతీ చెప్పేశాను. ఆవిడకి వీణ నేర్చుకోవడం ఉందట, మంగళ, శుక్రవారాలు సాయంత్రం టీచర్ గారు ఇంటికొస్తారు. ఆ రెండు రోజులూ మేం కౌంటర్ వాళ్ళం మధ్యాహ్నం నుంచే కట్టలు బిగించి సిద్ధంగా పెడతాం, ఆవిడకి ఆలస్యం కాకుండా. మిగతా రోజులు మొదటి ట్రే మళ్ళీ నాదే.

మీకు ఏ హాబీ మీద మనసుందో రాయలేదు. ఏదైనా సరే, రేపు టీ తాగేటప్పుడు పక్క సీటు వాళ్ళకి దాని గురించి చెప్పండి, ఏ రోజు ఏ టైముకి ఇంట్లో ఉండాలో అది కూడా విడిగా చెప్పండి. ఒకవేళ సొరపాదే పెడతానంటే జూన్, జూలైలో ఒకసారి, జనవరి, ఫిబ్రవరిలో ఒకసారి విత్తనం వేసుకోవచ్చు. చిన్న కుండీల్లో వేయకండి, వేళ్ళకి చోటు చాలదు. ఉన్నవాటిలో పెద్ద బ్యాగు తీసుకుని మట్టిలో పశువుల ఎరువు బాగా కలపండి, పందిరి ముందే కట్టేసుకోండి.